విత్తనాల సీజన్‌లో వింబుల్డన్: నల్గొండ నుంచి రెండు వారాలు వెంబడించే పద్ధతి

లండన్‌లో జరిగే టెన్నిస్ టోర్నీ వింబుల్డన్ ఆరుద్ర కార్తెలో మొదలై పునర్వసులో ముగుస్తుంది. మా విత్తనాలు, ఎరువుల షాపుకు ఏడాది మొత్తంలో ఊపిరాడని రోజులు అవే. పత్తి గింజ మొలవలేదని వచ్చేవాళ్లు, సందులు పూడ్చడానికి ఇంకో ప్యాకెట్ అడిగేవాళ్లు, వరి నారుకు ఏం కొట్టాలని ఆకు పట్టుకొచ్చేవాళ్లు. సరిగ్గా అప్పుడే లండన్‌లో పద్దెనిమిది కోర్టుల మీద ఆట నడుస్తుంటుంది. మొదట్లో నేను ఫైనల్ ఒక్కటే చూసేవాణ్ని. ఎవరో ఇద్దరు ఆడారు, ఒకరు కప్పు ఎత్తారు, అయిపోయింది. ఆ ఇద్దరూ అక్కడిదాకా ఎలా వచ్చారో తెలియదు కాబట్టి ఎవరు గెలిచినా ఒకటే అనిపించేది.

టోర్నీని వెంబడించడానికి తీరిక కన్నా ముందు ఒక కాగితం, పెన్సిల్ కావాలి. షాపు, ఆఫీసు, ఇంట్లో ఒకే టీవీ, గాలి వస్తే పోయే కరెంటు, ఇవన్నీ ఉన్నవాళ్లు ఎలా ఫాలో అవ్వాలో నేను చేసే వరుసలోనే చెబుతాను.

1. ముందు శుక్రవారం డ్రా తెచ్చుకోండి

ఆట సోమవారం మొదలవుతుంది. అంతకు ముందు శుక్రవారం డ్రా తీస్తారు. ఎవరు ఎవరితో ఆడాలో, గెలిస్తే తర్వాత ఎవరు తగులుతారో ఆ రోజే తెలిసిపోతుంది. టోర్నీ వెబ్‌సైట్‌లో మగవాళ్ల సింగిల్స్, ఆడవాళ్ల సింగిల్స్ డ్రాలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. ఫోన్‌లో చూస్తే సరిపోదా అంటారు. సరిపోదు. 128 పేర్లు ఫోన్ తెర మీద చీమల బారులా ఉంటాయి. ఏ3 సైజులో ప్రింట్ తీయించండి. నేను గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో తీయిస్తాను. మొదటిసారి ఆ పిల్లగాడు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందన్నా ఇది, మీ వంశవృక్షమా?" అన్నాడు. "కాదురా, ఇందులో చివరికి ఒక్కడే మిగులుతడు" అన్నాను. "మరి గిట్లాంటి వంశం ఎందుకన్నా" అని మడతపెట్టి ఇచ్చాడు.

కాగితం మీద కొన్ని పేర్ల పక్కన 1 నుంచి 32 దాకా అంకెలుంటాయి. వాళ్లే సీడ్లు. ఈ మాట నిజంగా మన విత్తనం మాటే. మంచి ఆటగాళ్లంతా ఒకేచోట పడి మొదటి రోజే కొట్టుకుపోకుండా, డ్రా అంతటా ఎడం ఎడంగా చల్లుతారు. పత్తి పెట్టేటప్పుడు సాలుకు సాలుకు మధ్య దూరం ఎందుకు చూస్తామో ఇదీ అందుకే. ఒకటో సీడ్ ఒక కొసన, రెండో సీడ్ ఇంకో కొసన ఉంటారు. ఇద్దరూ గెలుస్తూ పోతే ఫైనల్లోనే కలుస్తారు. మూడు, నాలుగు సీడ్లు వాళ్లకు సెమీస్‌లో తగులుతారు. ఏ ఇద్దరు సీడ్లూ మూడో రౌండ్ దాకా ఎదురుపడరు. ఈ ఒక్క ముక్క తెలిస్తే కాగితం సగం చదవడం వచ్చినట్టే.

ఇంకొన్ని పేర్ల పక్కన అంకె బదులు అక్షరాలు ఉంటాయి. మగవాళ్ల డ్రాలో 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు. 8 మందికి నిర్వాహకులు వైల్డ్ కార్డు (WC), అంటే ర్యాంకు చాలకపోయినా నేరుగా ఆడే అవకాశం, ఇస్తారు. మిగతా 16 మంది క్వాలిఫయర్లు (Q), అంటే ముందు వారంలో వేరే మైదానంలో మూడు మ్యాచ్‌లు గెలిచి లోపలికి వచ్చినవాళ్లు. వీళ్లను తేలిగ్గా తీసుకోకండి. 2001లో గోరాన్ ఇవానిసెవిచ్ 125వ ర్యాంకుతో, వైల్డ్ కార్డు మీద వచ్చి వింబుల్డన్ ఎత్తుకుపోయాడు. 2021లో పద్దెనిమిదేళ్ల ఎమ్మా రాడుకాను యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి, వరుసగా పది మ్యాచ్‌లు ఒక్క సెట్టు కూడా పోగొట్టుకోకుండా టైటిల్ కొట్టింది. కంపెనీ పేరు లేని ప్యాకెట్‌లోని గింజ కూడా ఒక్కోసారి బాగా మొలుస్తుంది. షాపువాణ్ని, ఈ మాట కౌంటర్ దగ్గర మాత్రం అనను.

2. ఒక్క పావు మీద మనసు పెట్టండి

128 మందిలో ఒక్కరు మిగలాలంటే 127 మ్యాచ్‌లు జరగాలి. ఆడవాళ్లవి ఇంకో 127. మొదటి రెండు రోజుల్లోనే రెండూ కలిపి 128 మ్యాచ్‌లు. చూడాలనుకున్నవాడు మంగళవారం రాత్రికే అలసిపోయి వదిలేస్తాడు. నేనూ అలా రెండేళ్లు వదిలేశాను.

డ్రాను నాలుగు ముక్కలు చేయండి. ఒక ముక్క అంటే ఒక పావు, అందులో 32 పేర్లు. ఏదో ఒక ముక్క మీది అనుకుని ఆ గెలుపోటములు మాత్రం రోజూ పెన్సిల్‌తో రాయండి. మగవాళ్లలో ఒక ముక్క, ఆడవాళ్లలో ఒక ముక్క, అంతే. నేను మాత్రం ఒకటో సీడ్ ఉన్న ముక్క ఎప్పుడూ తీసుకోను. అక్కడ కథ ముందే తెలిసినట్టు ఉంటుంది. 5 నుంచి 8 సీడ్లలో గాయం నుంచి కోలుకుని వచ్చినవాడు ఎవడైనా ఉంటే ఆ ముక్క తీసుకుంటాను. అందులో నాకు నచ్చినవాడు ఒకడు, అస్సలు పడనివాడు ఒకడు, ఒక క్వాలిఫయర్, ఈ ముగ్గురి కింద గీత గీస్తాను. పడనివాడు తప్పకుండా ఉండాలి. మనవాడు రెండో రౌండ్‌లో ఇంటికి పోయినా, వాడు ఎప్పుడు ఓడతాడా అని చూడడానికైనా రోజూ స్కోరు తీస్తాం.

పెన్నుతో రాయొద్దు. సగం మ్యాచ్ చీకటి పడి ఆగిపోతుంది, మీరు గెలిచాడని రాసేసి పడుకుంటారు, తెల్లారేసరికి కథ మారుతుంది.

3. టైమ్ లెక్క

ఆ కాలంలో లండన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. బయటి చిన్న కోర్టుల మీద ఆట మన మధ్యాహ్నం 3.30కి మొదలవుతుంది. ఒకటో నంబర్ కోర్టులో 5.30కి, సెంటర్ కోర్టులో సాయంత్రం 6 గంటలకు. రాత్రి ఎంత ఆలస్యమైనా అక్కడి 11 గంటలకు, అంటే మన తెల్లవారుజామున 3.30కి ఆపేయాల్సిందే. ఉద్యోగం, వ్యాపారం చేసుకునేవాళ్లకు గ్రాండ్ స్లామ్‌లు అనే నాలుగు పెద్ద టెన్నిస్ టోర్నీలలో ఇదే అనుకూలం. షాపు కట్టేసి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి పెద్ద మ్యాచ్ మంచి రసపట్టులో ఉంటుంది.

మిగతా మూడూ గుర్తు పెట్టుకోవడానికి నా లెక్క వేరు. ఆస్ట్రేలియన్ ఓపెన్ సంక్రాంతి పిండివంటలు అయిపోయే వేళకు వస్తుంది. పొద్దున ఐదున్నరకే మొదలు, రాత్రి మ్యాచ్‌లు మనకు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి. ఫ్రెంచ్ ఓపెన్ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఉంటుంది, బయటికి ఎలాగూ పోలేం. యూఎస్ ఓపెన్ వినాయక చవితి రోజుల్లో. రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై, అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు పడతాయి. మండపం దగ్గర కాపలా ఉండే పిల్లలకు తప్ప అది ఎవరికీ కుదరదు.

ఏ రోజు ఎవరి మ్యాచ్ ఏ కోర్టులో అన్న పట్టిక ముందు రోజే వస్తుంది. అందులో సెంటర్ కోర్టు మొదటి మ్యాచ్ టైమ్ మాత్రమే నిజం. రెండోది మొదటిది అయ్యాకే. మగవాళ్ల మ్యాచ్ ఐదు సెట్లు పోతే నాలుగు గంటలు, మూడు సెట్లలో తేలితే రెండు గంటల లోపే. కాబట్టి "ఎనిమిదింటికి మ్యాచ్ ఉంది" అని ఎవరికీ మాట ఇవ్వకండి. ముందు మ్యాచ్ రెండో సెట్టు అయినప్పుడు ఒకసారి స్కోరు చూస్తే మీ మ్యాచ్ ఎప్పుడో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అన్నం ఆలోపు తినేయండి.

4. టీవీ, ఫోన్, కరెంటు

ఇటీవలి ఏళ్లలో మన దేశంలో వింబుల్డన్ స్టార్ స్పోర్ట్స్‌లో, జియోహాట్‌స్టార్‌లో వస్తోంది. ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్‌లు సోనీలో వస్తున్నాయి. ఈ హక్కులు చేతులు మారుతుంటాయి. అన్నీ ఒకేచోట వస్తాయనుకుని ఒకసారి ఏడాది ప్యాక్ కట్టాను. తర్వాతి గ్రాండ్ స్లామ్ ఇంకోచోట వచ్చింది. అప్పటినుంచి టోర్నీ వారంలోనే, అందులో వస్తుందని చూసుకున్నాకే, నెల ప్యాక్ కడుతున్నాను.

టీవీలో ఒకటి రెండు కోర్టులే చూపిస్తారు. మీ క్వాలిఫయర్ పద్నాలుగో నంబర్ కోర్టులో ఆడుతుంటే యాప్‌లో కోర్టు ఎంచుకుని చూడాలి. పగలు షాపులో నేను వీడియో పెట్టను. టోర్నీ యాప్‌లో పాయింటు పాయింటుకూ స్కోరు మారుతుంది, డేటా పెద్దగా తినదు, గిరాకీ ఉన్నప్పుడు ఓరకంటితో చూడొచ్చు. మ్యాచ్ తప్పిపోతే రాత్రి హైలైట్స్ యూట్యూబ్‌లో ఉంటాయి. సాయంత్రం మబ్బు పట్టగానే ఫోన్ చార్జింగ్ పెట్టండి. ఒక గాలి దుమారం చాలు, ఫీడర్ పోతుంది.

వాన సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఇక్కడ మేము మొలక ఎండిపోతోందని ఆకాశం చూస్తుంటాం. అక్కడ నాలుగు చినుకులకే పరుగెత్తి గడ్డి మీద పట్టా కప్పుతారు. సెంటర్ కోర్టుకు 2009 నుంచి, ఒకటో నంబర్ కోర్టుకు 2019 నుంచి పైకప్పు ఉంది. మిగతా కోర్టుల్లో వాన పడితే ఆట ఆగినట్టే. మీ వాడి మ్యాచ్ బయటి కోర్టులో ఉంటే లండన్ వాతావరణం కూడా ఒకసారి చూసుకోండి.

5. స్కోరులో ఏ పాయింటు బరువైనదో పట్టుకోండి

15, 30, 40, గేమ్. ఆరు గేమ్‌లు, రెండు గేమ్‌ల తేడా ఉంటే సెట్టు. 40-40 అయితే డ్యూస్, అక్కడి నుంచి వరుసగా రెండు పాయింట్లు కావాలి. 6-6 అయితే టైబ్రేక్, ముందు ఏడు కొట్టినవాడిది, కాకపోతే అక్కడా రెండు తేడా ఉండాలి. మగవాళ్లకు ఐదింటిలో మూడు సెట్లు, ఆడవాళ్లకు మూడింటిలో రెండు. లెక్క ఇంతే, ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. అసలు విషయం సర్వీసులో, అంటే పాయింటు మొదలుపెడుతూ కొట్టే బంతిలో ఉంది. ఒక గేమ్ మొత్తం ఒకరే సర్వీసు చేస్తారు. తన సర్వీసులో గేమ్ గెలవడం బోరు కింద వరి పండించినట్టు, అందరూ ఆశించేదే. ఎదుటివాడి సర్వీసు గెలవడం, అంటే బ్రేక్, వానను నమ్ముకుని పత్తి తీసినట్టు. ఒక్క బ్రేక్‌తో సెట్టు పోవచ్చు. అందుకే 30-40 అని, అంటే సర్వీసు చేసేవాడు ఇంకో పాయింటు పోగొట్టుకుంటే బ్రేక్ అని, స్కోరు కనబడగానే, గిరాకీ ఎదురుగా ఉన్నా సరే, నేను ఫోన్ వైపు చూస్తాను.

ఇది నాకు బాగా అర్థమైన రోజు 2019 జూలై 14. ఆ ఆదివారం అదే లండన్‌లో, లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ జరుగుతోంది. టీవీ మా బావ చేతిలో ఉంది. నేను మూలన ఫోన్‌లో ఫెడరర్, జొకోవిచ్ ఫైనల్ పెట్టుకున్నాను. ఐదో సెట్టు. అప్పట్లో వింబుల్డన్‌లో ఆ సెట్టుకు 6-6 దగ్గర టైబ్రేక్ లేదు. ఫెడరర్ 8-7 ముందున్నాడు, సర్వీసు అతనిదే, 40-15. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే వాటిలో ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. అప్పటికి అతనికి ముప్పై ఏడేళ్లు, ఇంకొన్ని రోజులుంటే ముప్పై ఎనిమిది. మొదటి పాయింట్ ఫోర్‌హ్యాండ్ పక్కకు కొట్టాడు. 40-30. రెండోదానికి నెట్ దగ్గరికి వచ్చాడు. జొకోవిచ్ అడ్డంగా ఫోర్‌హ్యాండ్ కొట్టి అతని పక్కనుంచి దాటించాడు. డ్యూస్. కాసేపట్లో 8-8. నేను "అబ్బా" అని అరిస్తే బావ, "ఎవడౌటయ్యిండు?" అని టీవీ వైపు చూశాడు. అక్కడ ఎవరూ అవుట్ కాలేదు. చివరికి ఇటు 12-12 దగ్గర టైబ్రేక్, అటు సూపర్ ఓవర్, రెండూ కొద్ది నిమిషాల తేడాతో అయిపోయాయి. ఆ రాత్రి మా ఇంట్లో భోజనం ఎన్నింటికి అయిందో చెప్పను.

ఆ మ్యాచ్ మొత్తంలో ఫెడరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్‌వి 204. ఎక్కువ గెలిచినవాడే ఓడిపోయాడు. మూడు సెట్లూ జొకోవిచ్ టైబ్రేక్‌లోనే గెలిచాడు. కొత్తగా చూసేవాళ్లు ఒక వారం పాటు టైబ్రేక్‌లు, బ్రేక్ పాయింట్లు మాత్రం చూసినా చాలు.

చివరి సెట్టు రూల్ మారింది, పాత అభిమానులు గుర్తుంచుకోండి. 2010లో ఇస్నర్, మహూ మ్యాచ్ మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు సాగి ఐదో సెట్టు 70-68తో ముగిసింది. 2019లో వింబుల్డన్ 12-12 దగ్గర టైబ్రేక్ పెట్టింది. 2022 నుంచి నాలుగు గ్రాండ్ స్లామ్‌లలోనూ చివరి సెట్టులో 6-6 అయితే పది పాయింట్ల టైబ్రేక్. ఈ రూల్ అప్పుడే ఉండి ఉంటే 2019 ఫైనల్లో ఆ 40-15 వచ్చేదే కాదు.

ఇంకొకటి. 2025 నుంచి వింబుల్డన్‌లో లైన్ జడ్జీలు లేరు. బంతి బయట పడిందో లేదో మెషినే చెబుతుంది. గీతల వెంట వంగి నిలబడేవాళ్లు లేక కోర్టు నాకు బోసిగా కనిపిస్తోంది.

6. గడ్డిని కూడా చూడండి

ఇది ఎవరూ చెప్పరు, షాపువాణ్ని కాబట్టి చెబుతున్నాను. వింబుల్డన్ కోర్టుల్లో ఉండేది రై గడ్డి. ఆట రోజుల్లో ఎత్తు 8 మిల్లీమీటర్లు ఉండేలా కత్తిరిస్తారు. 2001కి ముందు రైతో పాటు ఇంకో రకం గడ్డి కలిపేవాళ్లు. ఆ ఏడు నుంచి పూర్తిగా రై ఒక్కటే. అది తట్టుకునే గడ్డి, కింద నేలను గట్టిగా ఉంచుతారు. దాంతో బంతి కాస్త ఎత్తు లేస్తోంది. అంతకు ముందు సర్వీసు చేసి నెట్‌కు పరుగెత్తేవాళ్లదే రాజ్యం. ఇప్పుడు వెనక గీత దగ్గర నిలబడి ర్యాలీ ఆడేవాళ్లూ గెలుస్తున్నారు. విత్తన రకం మారితే పంట తీరు మారినట్టే.

మొదటి సోమవారం కోర్టు పచ్చగా, జారుడుగా ఉంటుంది. ఆ రెండు మూడు రోజులు ఎవరు జారిపడుతున్నారో గమనించండి. రెండో వారానికి వెనక గీత దగ్గర గడ్డి లేచిపోయి మట్టి తేలుతుంది, కాలు నిలుస్తుంది. మొదటి వారం తడబడ్డ సీడ్ రెండో వారం కుదురుకోవడంలో ఇది కూడా ఉంది. మీ పావులో అలాంటివాళ్లు ఉంటే పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకోండి.

7. మనవాళ్ల కోసం డబుల్స్ డ్రా

సింగిల్స్‌లో మనవాళ్ల పేరు వెతికి నిరాశపడేకన్నా డబుల్స్ డ్రా కూడా ప్రింట్ తీయండి. మన విజయాలన్నీ ఎక్కువగా అక్కడే. పేస్, భూపతి 1999లో వింబుల్డన్ డబుల్స్ గెలిచారు. మన హైదరాబాద్ సానియా మీర్జా 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి అదే పని చేసింది. రోహన్ బోపన్న 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ 43 ఏళ్ల వయసులో గెలిచాడు. ఆ వయసులో నాకు యూరియా బస్తా ఎత్తితే నడుం పట్టేస్తోంది.

డబుల్స్ మ్యాచ్‌లు ఎక్కువగా చిన్న కోర్టుల్లో, సింగిల్స్ అయ్యాక పెడతారు. టీవీలో చాలాసార్లు రావు, యాప్ స్కోరే దిక్కు. వింబుల్డన్‌లో మగవాళ్ల డబుల్స్ కూడా 2023 నుంచి మూడు సెట్లే కాబట్టి తొందరగా తేలిపోతుంది.

8. ఇంట్లో ఒప్పందం

సాయంత్రం ఆరు నుంచి పది దాకా టీవీ మా అమ్మది. వాదించి లాభం లేదు. మొదటి వారం టీవీ పూర్తిగా ఆమెకు వదిలేస్తాను, ఫోన్‌తో సరిపెట్టుకుంటాను. రెండో వారంలో క్వార్టర్స్ నుంచి రోజుకు గంట అడుగుతాను. ఇప్పుడు ఆమే వచ్చి గోడ మీది కాగితం చూసి, "నీవోడు ఉన్నడా పోయిండా?" అంటుంది. పేర్లు నోరు తిరగవు కానీ, ఏ గీత ఎక్కడిదాకా పోయిందో కనిపెట్టేస్తుంది.

వాట్సాప్ గ్రూపులో స్కోర్లు పెట్టే స్నేహితులుంటే, రికార్డు చేసుకుని చూసే రోజు గ్రూపును మ్యూట్ చేయండి. నేరుగా వెళ్లి చూడాలని ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ క్యూలో నిలబడి ఆ రోజుకు ఆ రోజు టికెట్ తీసుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది. ముందు రాత్రే పార్కులో గుడారం వేసుకుని, నంబర్ చీటీ పట్టుకుని పడుకుంటారు. యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి పక్కకు పోయి కూర్చునే మనవాళ్లకు అదేం కొత్త కాదు. కాకపోతే అక్కడ చెప్పులు పెడితే కుదరదు, మనిషే ఉండాలి.

9. చివరి రెండు రోజులు

శనివారం ఆడవాళ్ల ఫైనల్, ఆదివారం మగవాళ్లది. 2025 నుంచి రెండూ మన రాత్రి 8.30కి మొదలవుతున్నాయి. ఆ ఏడు శనివారం స్వియాటెక్ 6-0, 6-0తో అనిసిమోవాను ఓడించడానికి 57 నిమిషాలు పట్టింది. తిని వచ్చి కూర్చుందామనుకున్న మా తమ్ముడు కప్పు ఇవ్వడమే చూశాడు. అందుకే ఫైనల్‌కు తిండి ముందే, మ్యాచ్ తర్వాతే పడక. దానికి నెల ముందు ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ మృగశిర కార్తె రోజే పడింది. ఇంట్లో కొర్రమీను పులుసు వండారు, సాయంత్రం ఆరున్నరకు మ్యాచ్ మొదలైంది. అల్కరాజ్ మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకుని, సిన్నర్‌ను 5 గంటల 29 నిమిషాల్లో ఓడించాడు. పులుసు రెండుసార్లు వేడి చేశారు. వింబుల్డన్ ఫైనల్లో అదే సిన్నర్ అదే అల్కరాజ్‌ను ఓడించాడు. నెల కిందటి ఆ రాత్రి చూసినవాళ్లకే ఆ చివరి పాయింట్ బరువు తెలిసింది.

గెలిచిన పేరు చివరి గీత మీద మీరే రాయండి, ఇక పెన్నుతో రాయొచ్చు. సోమవారం కొత్త ర్యాంకులు వస్తాయి. గెలిచినవాడికి 2000 పాయింట్లు, ఓడిన ఫైనలిస్టుకు 1300. అవి ఏడాదే ఉంటాయి, వచ్చే వింబుల్డన్‌లో మళ్లీ సంపాదించుకోవాలి. మీ పావులో ఎవరు పైకి వచ్చారో ఒకసారి చూసుకోండి. ఆగస్టు చివరలో యూఎస్ ఓపెన్ డ్రా వచ్చినప్పుడు ఆ పేర్లు కొత్తగా ఉండవు.

నా కాగితాలు షాపులో కౌంటర్ కింద, బిల్లు పుస్తకాల పక్కన చుట్టచుట్టి ఉంటాయి. 2019ది ఉంది, 2021ది ఉంది. మధ్యలోది లేదు. ఆ ఏడు కరోనాతో వింబుల్డన్ రద్దయింది. షాపు మాత్రం తెరిచే ఉంది.